ఊపిరికి కావలి

విదేహాధిపతియగు జనకమహారాజు సభలో ఉద్దాలక ఆరుణి యాజ్ఞవల్క్య మహర్షిని అంతర్యామిని గూర్చి ప్రశ్నించెను. మహర్షి ఇచ్చిన సమాధానము బృహదారణ్యకోపనిషత్తున అంతర్యామి బ్రాహ్మణమను పేర ప్రసిద్ధమై యున్నది. శ్రీభగవద్రామానుజులు ప్రతిపాదించిన శరీరశరీరి భావమునకు ఈ ఘట్టము ముఖ్యమైన ఆధారము. పృథివి, జలము, అగ్ని, ఆకాశము, సూర్యచంద్రులు అనుచు ఒక్కొక్క దానిని పేర్కొని, దాని లోపల నుండి దానిని నడుపువాడు పరమాత్మయే యని చెప్పుచు వచ్చి, మహర్షి ప్రాణమును గూర్చియు చెప్పినాడు. ప్రాణమునందే నివసించుచు, ప్రాణమునకు తాను తెలియబడక, ప్రాణమును తన శరీరముగా చేసికొని, లోపలనుండి దానిని నియమించువాడు అంతర్యామియని ఆ ఉపదేశమునకు సారాంశము.

ప్రవచనములలో ఈ మాట వినబడినపుడు భక్తులు చేతులు జోడింతురు. అయితే ప్రాణమును లోపలనుండి నడుపుట యనగా నేమో, దేహములో రేయింబవళ్లు జరుగుచున్న ఆ పని యెట్టిదో కొంత తెలిసికొన్నచో ఆ నమస్కారమునకు మరింత నిండుదనము చేకూరును.

ఈ పుటను చదువుచున్న పాఠకుడు ఇంతలోనే పలుమారులు ఊపిరి పీల్చి విడిచియుండును. పీల్చవలెనని సంకల్పించి పీల్చినాడా? లేదు. విడువవలెనని తలచి విడిచినాడా? అదియు లేదు. యోగగ్రంథములు అహోరాత్రమునకు మానవుని శ్వాసలు 21,600 అని లెక్క కట్టినవి. నిమిషమునకు 15 చొప్పున 24 గంటలకు గుణించినచో సరిగా ఆ సంఖ్యయే వచ్చును. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి విశ్రాంతిలో నిమిషమునకు 12 మొదలు 20 వరకు శ్వాసలుండునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఇంటి ఖర్చులలో అణాపైసలతో పద్దు వ్రాయు గృహస్థు సైతము ఈ పద్దు వ్రాయడు. వ్రాయకున్నను ఒక్కటియు తప్పిపోదు. తాను గాఢనిద్రలో నున్న వేళ జరిగిన ఏడెనిమిది వేల శ్వాసలు ఎవరి పూచీమీద జరిగినవో అతనికి తెలియదు.

ఛాందోగ్య, బృహదారణ్యకములలో ఇంద్రియములు తమలో ఎవరు గొప్పయని వాదులాడుకొనిన కథ కలదు. వాక్కు ఒక సంవత్సరము దేహమును విడిచి పోయెను. దేహము మూగవానివలె బ్రతికెను. చూపు పోయెను, గ్రుడ్డివానివలె బ్రతికెను. వినికిడి పోయెను, చెవిటివానివలె బ్రతికెను. మనస్సు పోయినపుడు పసిబిడ్డవలె బ్రతికెను. తుదకు ప్రాణము బయలుదేరబోగా, మేలుజాతి గుఱ్ఱము తనను కట్టిన గుంజలను పెల్లగించుకొని పోవునట్లు తక్కిన ఇంద్రియములన్నియు కదలిపోసాగినవి. అప్పుడవి ప్రాణమునకు మ్రొక్కి, విడిచిపోవలదని వేడుకొన్నవి. ఇందు మనస్సు లేకున్నను ప్రాణము నిలుచుననుట గమనింపదగిన విషయము. ఈ వ్యాసమునకు ముందు ముందు అదియే అవసరమగును.

శరీరములో ఊపిరిని నడుపు స్థానమెచ్చట? ఊపిరితిత్తులలో నుండునని పలువురు తలంతురు. ఊపిరితిత్తులు తమంత తాము కదలలేవు. వాటి క్రిందనున్న ఉదరవితానమను కండరపు తెర దిగినపుడు అవి నిండును, లేచినపుడు ఖాళీయగును. ఆ తెరకు ఆజ్ఞలు మెడయందలి వెన్నుపామునుండి వెలువడు నాడుల ద్వారా వచ్చును. ఆ నాడులకు ఆజ్ఞ నిచ్చునది అంతకు పైన, మెడ పుఱ్ఱెతో కలియు గుంటకు లోపలి భాగమున, మెదడు వెన్నుపాముగా మారు చోట నున్న మజ్జాముఖము. ఇది పొడవున సుమారు మూడు సెంటీమీటర్లు మాత్రమే. ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెగల్వా 1812లో ప్రకటించిన గ్రంథమున, శ్వాసకు ఆధారము మెదడంతయు కాదనియు, మజ్జాముఖములోని ఒక చిన్న స్థలమే యనియు జంతువులపై చేసిన పరిశీలనలతో నిరూపించెను. ఆలోచించు పెద్ద మెదడు పైన నున్నను లేకున్నను ఊపిరి సాగును. ఆ చిన్న స్థలము దెబ్బతిన్నచో నిలిచిపోవును.

ఆ స్థలములోను లయ పుట్టించునది ఏదియని మరి నూటడెబ్బదేండ్లకు పైగా వెదకిరి. 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మజ్జాముఖమునుండి పలుచని ముక్కను కోసి, పోషకద్రవమున నుంచి చూచిరి. ఊపిరితిత్తులు లేవు, గుండె లేదు, దేహమే లేదు. అయినను ఆ ముక్కలోని ఒక కణసమూహము పీల్పుకు పీల్పుకు మధ్య విరామమునిచ్చుచు లయను కొట్టుచునే యుండెను. దానికి వారు ‘ప్రీ-బోట్జింగర్’ సమూహమని పేరు పెట్టిరి. బోట్జింగర్ అనునది జర్మనీలో తయారగు ఒక ద్రాక్షసారాయపు పేరు. శాస్త్రజ్ఞుల విందులో బల్లమీద నున్న సీసాను చూచి, పొరుగుననున్న కణసమూహమునకు ముందే ఆ పేరు తగిలించిరట! ప్రాణికోటి ఊపిరికి మూలమైన స్థానమునకు ఇంతకన్న మంచి పేరు దొరకకపోవుట శోచనీయము. పేరెట్టిదైనను దాని సేవ మాత్రము ఎడతెగనిది. పక్కవాద్యములు ఆగినను తాళము ఆగని భజనవలె, ఆ కొద్దివేల కణములు పుట్టువు మొదలు తుదిశ్వాస వరకు లయ తప్పక నడుపుచుండును.

లయ ఉన్నంతమాత్రమున చాలదు. ఎప్పుడు త్వరపడవలెనో, ఎప్పుడు నెమ్మదింపవలెనో చెప్పువారుండవలెను. ఇచ్చటనే ఆశ్చర్యకరమైన సంగతి యున్నది. తెలుగువారు ఆక్సిజనుకు ప్రాణవాయువని పేరిడిరి. కావలివాడు కాచుచుండునది ఆ ప్రాణవాయువునే యని ఎవరైనను అనుకొందురు. కాని అట్లు కాదు. అతడు ముఖ్యముగా కాచునది విడిచివేయదగిన బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును. బ్రిటనులో హాల్డేన్, ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞులు 1905లో ఈ విషయమును స్థిరపరచిరి. మూసిన గదులలో కూర్చుండి, తమ ఊపిరినే తాము మరల పీల్చుచు, ఏ వాయువు ఎంత మారినచో ఆయాసము కలుగునో కొలిచి చూచిరి. ప్రాణవాయువు కొంత తగ్గినను శ్వాస అంతగా మారలేదు. బొగ్గుపులుసు వాయువు రవ్వంత పెరిగిన వెంటనే శ్వాస హెచ్చెను.

ఇది వింతగా తోచును గాని, ఆలోచించినచో దీనిలోని నేర్పు తెలియును. వంటయింట ఎంత వంట సాగినదో తెలిసికొనుటకు కట్టెల గుట్టను చూడవచ్చును, పొయ్యిలోని బూడిదనైనను చూడవచ్చును. గుట్ట పెద్దదైనపుడు నాలుగు కట్టెలు తగ్గినను కంటికి ఆనదు. బూడిద మాత్రము అప్పటికప్పుడు చెప్పును. రక్తములోని ప్రాణవాయువు కట్టెల గుట్టవంటిది. ఎఱ్ఱకణములు దానిని నిండుగా పట్టియుంచును గనుక కొంత తగ్గినను చాలకాలము పైకి తెలియదు. బొగ్గుపులుసు వాయువు దేహములో ఆహారము దగ్ధమైనపుడు మిగులు బూడిద. శ్వాస ఒక్క నిమిషము మందగించినను అది పేరుకొనును. పైగా అది రక్తపు పులుపును మార్చును. పులుపు కొద్దిగా అటు ఇటు అయినను దేహయంత్రము చెడును. కావున దానిని కాచుటయే ఊపిరిని కాచుట.

ఇంతకును ఆ కణములకు వాయువు సంగతి తెలియుట ఎట్లు? గోలీసోడా త్రాగినవారికి నాలుక చుఱ్ఱుమనుట తెలియును. నీటిలో బొగ్గుపులుసు వాయువు కరగినచో ఆమ్లమగును, ఆ చుఱ్ఱుమనుటకు అదియే కారణము. మెదడు చుట్టును ఒక నిర్మలద్రవము తిరుగుచుండును. రక్తమునకు, మెదడునకు నడుమ గట్టి కట్టడి యున్నది. రక్తములోని ఆమ్లము ఆ కట్టడిని సులభముగా దాటలేదు. ఈ వాయువు మాత్రము దాటగలదు. దాటి ఆ ద్రవమున కరగి అక్కడ ఆమ్లమై నిలుచును. మజ్జాముఖపు అడుగుభాగమున, బయటి పొరకు చేరువలో నుండు ప్రత్యేక కణములు ఆ పులుపును గుర్తించి లయస్థానమునకు వార్త పంపును. ధమనులలో ఈ వాయుపీడనము సాధారణముగా పాదరసపు 40 మిల్లీమీటర్ల చెంత నిలుచును. ఒక్క మిల్లీమీటరు పెరిగినచో నిమిషమునకు పీల్చు గాలి సుమారు రెండు మూడు లీటర్లు హెచ్చును. విశ్రాంతిగానున్న మానవుడు నిమిషమునకు పీల్చునది ఆరేడు లీటర్లేయని తలచినచో, ఆ కణముల సూక్ష్మదృష్టి ఎంతటిదో ఊహింపవచ్చును.

ప్రాణవాయువును ఎవరును చూడరా? చూతురు. గర్భాలయ ద్వారమున జయవిజయులు నిలిచినట్లు, మెడకు కుడియెడమల, తలకు రక్తము తీసికొనిపోవు ధమనులు చీలు చోట, బియ్యపుగింజంత గ్రంథివంటివి రెండు కలవు. రక్తములో ప్రాణవాయువు చాలినంత యున్నంతవరకు ఇవి మెల్లగానే మాటలాడును. ఆ పీడనము 60 మిల్లీమీటర్ల లోపునకు దిగినప్పుడు పెద్దగా కేకవేయును. వీటి వ్యవహారమును వెలికితీసిన బెల్జియం శాస్త్రజ్ఞుడు హేమన్సుకు 1938వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించెను.

బదరీనారాయణుని దర్శించు యాత్రికులకు ఈ ద్వారపాలకుల సేవ అనుభవమునకు వచ్చును. బదరి సుమారు 3,100 మీటర్ల ఎత్తున నున్నది. సాలగ్రామ దివ్యదేశమగు నేపాళమందలి ముక్తినాథము 3,700 మీటర్లు దాటిన చోట నున్నది. అచ్చట గాలి పలుచన. ద్వారపాలకులు త్వరగా పీల్చుమందురు. త్వరగా పీల్చినచో బొగ్గుపులుసు వాయువు మితిమీరి వెళ్లిపోవును గనుక లోపలి కావలివాడు ఇక చాలునని ఆపును. ఈ ఇద్దరి నడుమ రాత్రివేళ నిద్రలో ఊపిరి కొంతసేపు హెచ్చి, కొంతసేపు ఆగి, మరల హెచ్చుచుండును. ప్రక్కన పరుండినవారు భయపడుదురు. రెండు మూడు దినములు నెమ్మదిగా ఎక్కి, దేహమును అలవాటు పడనిచ్చినవారికి ఈ బాధ తగ్గును. దర్శనమునకు తొందరపడి ఒక్క దినముననే కొండకెక్కుట భక్తి కాదు. అచ్చటి చలికి వెఱచి తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టుకొని పరుండుట అంతకన్న ప్రమాదము. కుంపటినుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు అను వేఱొక వాయువు ఎఱ్ఱకణములను ఆక్రమించును గాని, లోపలి కావలికి గాని ద్వారపాలకులకు గాని పట్టుబడదు. ఆయాసమైనను కలుగక, నిద్రలోనే ప్రాణము పోవును.

తిరుమల కొండను అలిపిరి దారిలో కాలినడకన ఎక్కువారు సుమారు 3,550 మెట్లు ఎక్కుదురు. రామానుజులు పవిత్రమైన కొండను కాలితో త్రొక్కరాదని మోకాళ్లతో ఎక్కిరని చెప్పు మోకాళ్ళ పర్వతము దగ్గర ఎంతటివారికైనను ఊపిరి భారమగును. కాళ్ల కండరములలో దహనము ఎన్నో రెట్లు హెచ్చినందున బొగ్గుపులుసు వాయువు కూడ అన్ని రెట్లు పుట్టును. అయినను రక్తములో దాని పీడనము ఇంచుమించు ఆ 40 దగ్గరనే నిలుచును. అనగా వాయువు పెరిగిన తరువాత మేల్కొనుట గాక, పెరుగక మునుపే శ్వాస హెచ్చుచున్నది. కాలు కదలిన తక్షణమే ఆ కదలికయు, ఎక్కవలెనను సంకల్పమును ముందుగా వార్త పంపునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానిలో ఏ భాగము ఎంతయను వాదము ఇంకను తేలలేదు.

ఆ మెట్లమీదనే మరియొక సంగతి చూడవచ్చును. అంత ఆయాసములోను యాత్రికుడు గోవిందనామమును గొంతెత్తి పలుకును. పలుకుటకు ఊపిరిని నిలిపి, మెల్లగా విడువవలెను. ఆ క్షణమున ఆలోచించు పెద్ద మెదడు కావలివానివద్ద ఊపిరిని బదులు తీసికొనును. నామము ముగిసిన వెంటనే కావలివాడు తన బాకీ వసూలు చేసికొనును. సంధ్యావందనమునందలి ప్రాణాయామము, సహస్రనామ పారాయణము, అధ్యాపకస్వాముల దివ్యప్రబంధ గోష్ఠి, అన్నియు ఈ బదులుమీదనే నడచుచున్నవి. ఈ బదులుకు హద్దు కలదు. ఊపిరి బిగబట్టి ప్రాణము తీసికొనుట ఎవరివలనను కాదు. వాయువు కొంత పెరుగగానే బిగువు సడలక తప్పదు. ఒకవేళ మొండితనమున స్పృహ తప్పువరకు బిగబట్టినను, స్పృహ తప్పిన మరుక్షణమున యజమానుని మొండితనము తొలగి, కావలివాడు ఊపిరిని నడిపించును.

మంత్రజపముతో శ్వాస నిమిషమునకు ఆరుసార్లుగా నెమ్మదించి, గుండెనడక కుదుటపడునని ఇటలీలో చేసిన పరిశోధన 2001లో వెలువడినది. లయస్థానములోని కొద్ది కణములకు మెదడునందలి మెలకువ కేంద్రముతో సంబంధమున్నదనియు, ఆ కణములను తొలగించిన ఎలుకలు మిక్కిలి ప్రశాంతముగా కూర్చుండెననియు 2017లో అమెరికాలో కనుగొనిరి. ఇట్టివి విని, బొగ్గుపులుసు వాయువు సంగతి మన ఉపనిషత్తులలో ముందే యున్నదని కొందరు వక్తలు ప్రకటించుచుందురు. ఉపనిషత్తులలో అది లేదు. లేకపోవుటచే వానికి వచ్చిన లోటును లేదు. యాజ్ఞవల్క్యుడు చెప్పదలచినది ఏ వాయువు ఎచ్చట కొలవబడునని కాదు. కొలుచువానిని కొలుచువానిగా నుంచినదెవరని. మజ్జాముఖములోని కణములు అచేతనములు. వాటిని ఎంత సూక్ష్మముగా కోసి చూచినను భగవంతుడు మరియొక కణముగా కనబడడు. శరీరము కనబడును, శరీరి కనబడడు. కేనోపనిషత్తున శిష్యుడు ప్రాణమును మొదట ముందునకు నడిపినదెవరని అడిగినపుడు గురువు ఏ అవయవమును చూపలేదుగదా! ప్రాణముచేతను అపానముచేతను మర్త్యుడు బ్రతుకుటలేదు, ఆ రెండును ఆశ్రయించియున్న మరియొకనిచేత బ్రతుకుచున్నాడని కఠోపనిషత్తు భావము. శ్రీవిష్ణుసహస్రనామములలో ప్రాణదుడని, ప్రాణుడని, ప్రాణభృత్తని, ప్రాణజీవనుడని ఇన్ని పేరులు వచ్చుటకు ఇదియే కారణము.

ఒక హెచ్చరిక ఇచ్చట అవసరము. పుష్కరిణులలో, నదులలో ఎక్కువసేపు మునిగియుండవలెనను పందెముతో కొందరు యువకులు ముందుగా గబగబ ఇరువది ముప్పది మారులు ఊపిరి పీల్చి విడిచి మునుగుదురు. దానివలన ప్రాణవాయువు విశేషముగా పెరుగదు. బొగ్గుపులుసు వాయువు మాత్రము బాగుగా తగ్గిపోవును. కావలివానికి చూపవలసిన ఆనవాలే లేకుండ చేసినట్లగును. అతడు హెచ్చరింపక మునుపే ప్రాణవాయువు అడుగంటి, మునిగినవాడు నీటిలోనే స్పృహ తప్పును. స్పృహ తప్పగానే ఊపిరి తానుగా సాగునని చెప్పితిమిగదా! నీటిలో అట్లు సాగినచో లోపలికి పోవునది నీరే. ఈ పందెము వలన నేర్పరులైన ఈతగాండ్రు సైతము చనిపోయిరి. తీర్థస్నానమునకు మూడు మునకలు చాలును.

కావలి లేని దేహమెట్లుండునో కొందరు బిడ్డలు పుట్టుకతోనే చూపుచున్నారు. అరుదుగా కొందరు శిశువులకు ఫాక్స్-2బి అను జన్యువులో లోపముండును. ఆ లోపమే ఈ వ్యాధికి మూలమని 2003లో తెలిసినది. మజ్జాముఖమున వాయువును గుర్తించు కణములు ఏర్పడుటకు ఆ జన్యువు కావలెను. ఈ బిడ్డలు మెలకువగా నున్నంతసేపు ఇంచుమించు అందరివలెనే ఊపిరి పీల్తురు, నవ్వుదురు, ఆడుకొందురు. నిద్రపోగానే ఊపిరి మందగించును, కొందరికి ఆగిపోవును. రక్తములో బొగ్గుపులుసు వాయువు ఎంత పెరిగినను వారికి ఆయాసమనిపించదు, మెలకువ రాదు. జీవితాంతము ప్రతిరాత్రియు వారికి శ్వాసయంత్రము కావలెను. ఆ తల్లిదండ్రులు ఉయ్యాల ప్రక్కన యంత్రపు గంటను వినుచు నిద్ర కాచుదురు. తక్కిన ఇండ్లలో బిడ్డను జోకొట్టి, లాలిపాట పాడి, దీపమార్పి తల్లియు నిదురించును. ఆమె నిదురించుటకు వీలు కలిగించినవానిని ఆమె ఎరుగదు. యాజ్ఞవల్క్యుడు ‘తెలియబడక’ యనుటలో ఎంత దయ యిమిడియున్నదో ఇట్టిచోట తెలియును.

ఇక భక్తుల ఇండ్లలో ఎక్కువ కలత పెట్టు విషయము. గీతయందు ఎనిమిదవ అధ్యాయమున భగవానుడు అంత్యకాలమున తనను స్మరించుచు దేహము విడుచువాడు తనను చేరునని చెప్పియున్నాడు. ఆ మాటను నమ్మి జీవితమంతయు తిరుమంత్రమును అనుసంధించిన పెద్దలు ఎందరో! వారిలో కొందరికి చివరిదినములలో పక్షవాతము వచ్చును, మెదడులో నెత్తురు గడ్డకట్టును, మతి తప్పును. కన్నబిడ్డను గుర్తింపలేరు, నారాయణ యనలేరు. ఆసుపత్రిలో గొంతులో గొట్టముతో, యంత్రపు ఊపిరితో వారములు గడుతురు. ఊపిరి ఎగిసి, తగ్గి, ఆగి, మరల ఎగయుచుండును. పూర్వులు దానిని ఎగశ్వాస యనిరి. వైద్యులు దీనినే, 19వ శతాబ్దిలో వర్ణించిన ఇద్దరు వైద్యుల పేర, చెయిన్-స్టోక్స్ శ్వాస యందురు. రక్తప్రవాహము మందగించి వార్త ఆలస్యముగా చేరుటచే, కావలివాడు ఒకసారి హెచ్చుగా, ఒకసారి తక్కువగా నడుపుటయే అది. మంచము చుట్టును నిలిచిన కొడుకులు, కోడండ్రు లోలోపల కుమిలిపోదురు. ఇన్నేండ్లు సేవించిన అమ్మగారు తుదిక్షణమున నామము తలపకపోయెనే, ఆమె గతి యేమగునో యని.

ఒక్కొక్కచోట వైద్యులు వచ్చి, మెదడుకాండము మరణించినదని చెప్పుదురు. 1994వ సంవత్సరపు అవయవమార్పిడి చట్టము మన దేశమున ఈ మరణమును గుర్తించినది. దానిని నిర్ణయించుటకు నలుగురు వైద్యులు పరీక్షింపవలెను. ఆరు గంటల ఎడముతో రెండుమారులు పరీక్ష జరుగవలెను. అందు ముఖ్యమైనది శ్వాసపరీక్ష. ప్రాణవాయువు తక్కువగాకుండ గొట్టము ద్వారా అందించుచు, యంత్రపు ఊపిరిని ఆపుదురు. రక్తములో బొగ్గుపులుసు వాయువు 60 మిల్లీమీటర్లకు చేరువరకు రొమ్మును, పొట్టను చూచుచు నిలుతురు. బ్రతికియున్న కావలివానిని మేల్కొల్పుటకు అంతకన్న గట్టి పిలుపు లేదు. రొమ్ము ఒక్కమారైనను కదలనిచో కావలివాడు వెడలిపోయినాడని నిశ్చయము. ఆ తరువాత యంత్రము ఊపునది గాలినే గాని ప్రాణమును కాదు. అప్పుడు యంత్రమును తీసివేయుటకు సమ్మతించిన కొడుకు, తండ్రి ఊపిరిని తానే తీసితినని పరితపింపనవసరము లేదు.

స్మరణను గూర్చిన కలతకు సమాధానము పూర్వాచార్యులకు తెలియును. ముకుందమాలలో కులశేఖరులు, ప్రాణప్రయాణ సమయమున గొంతు కఫముతో నిండినపుడు నీ స్మరణ ఎట్లు సాధ్యమని, ఇప్పుడే తన మనోహంసను స్వామి పాదపంజరమున చేర్చుకొనుమని వేడినారు. పెరియాళ్వారు శ్రీరంగనాథునితో, బాధ ముంచుకొని వచ్చు ఆ సమయమున నిన్ను తలపజాలను గనుక ఆనాటికి కావలసినది ఈనాడే చెప్పియుంచితినని విన్నవించినారు. ఇద్దరును మహాభక్తులే. ఇద్దరును తమ మెదడును నమ్ముకొనలేదు. కథలోని ఇంద్రియములవలె మనస్సును విడిచిపోవును, ప్రాణము కొంత వెనుకగా పోవును. ఆ రెంటికి నడుమ గడియలు గాని, దినములు గాని, కొందరికి సంవత్సరములు గాని గడుచునని వారెరుగుదురు.

ఆ నడిమి కాలమునకు భగవానుడే మాట యిచ్చినాడు. వరాహచరమ శ్లోకమని సంప్రదాయమున పేరుగాంచిన ఉపదేశమున, భూదేవి తన బిడ్డలకొఱకు అడుగగా వరాహస్వామి చెప్పినది ఇది: మనస్సు స్వస్థముగా, దేహము సరిగా, ధాతువులు సమముగా నున్నపుడు తనను స్మరించినవాడు, తుదకు కట్టెవలె రాయివలె పడియున్న వేళ, ఆ భక్తుని తానే స్మరించునట, పరమగతికి తానే తీసికొనిపోవునట. వేదాంతదేశికులు దీనికి రహస్యశిఖామణియను గ్రంథమునే రచించినారు. కట్టెవలె, రాయివలె యనుటలో ఒక్క ఉపాధియు విడువబడలేదు. మాట పడిపోయినవాడు, మతి తప్పినవాడు, యంత్రముతో ఊపిరి పీల్చువాడు అందరును అందులో చేరిరి. అరువదేండ్లు ప్రతిరాత్రి నిదురలో ఆ అమ్మగారు తన ఊపిరిని తాను స్మరింపలేదు. స్మరింపకున్నను అది నడచినది. ఆ రాత్రులన్నిట మేల్కొనియున్నవాడు చివరి రాత్రి మాత్రము ఆమె స్మరణకొఱకు కాచుకొని, అది లేదని విడిచిపోవునా?

అట్టి మంచముచెంత చేయదగినవి కొన్ని యున్నవి. మింగునపుడు ఊపిరిని క్షణమాత్రము ఆపించి, ఊపిరిగొట్టమును మూయించు పనియు ఈ మెదడుకాండముదే. స్పృహలేనివారిలో ఆ కాపుదల సడలియుండును. అందుచే ప్రేమతో తులసితీర్థమును గొంతులో పోసినచో అది ఊపిరితిత్తులలోనికి జారి బాధించును. పెదవులను తీర్థపు తడితో తుడుచుట చాలును. తులసిదళమును నోటిలో నుంచుటకు బదులు గుండెమీద నుంచవచ్చును. చెవిదగ్గర నామము చెప్పుట మాత్రము మానరాదు. పలుకులేక పడియున్న కొందరిలో మెదడు శబ్దములకు స్పందించుచునే యుండుట 2020లో ప్రకటింపబడిన పరిశోధనలో కనబడినది. విన్నారో లేదోయను పరీక్ష అవసరము లేదు. విష్వక్సేనులను, ఆళ్వారులను, ఆచార్యులను తలచి ద్వయమును మెల్లగా చెప్పుచు పోవచ్చును. ఊపిరి ఆగినపుడు బిగ్గరగా ఏడ్చి కుదుపరాదు. అది మరల ఎగయును, మరల ఆగును. ఎన్నడో ఒకమారు ఎగయదు.

తిరుమలలో భూదేవికి ఆ మాట యిచ్చిన స్వామి పుష్కరిణీ తీరమున భూవరాహస్వామిగా వేంచేసియున్నాడు. శ్రీనివాసుని దర్శనమునకు ముందు ఆయన దర్శనము చేయుట ఆచారము. తొలిపూజ, తొలినైవేద్యము ఆయనకే. కొండనెక్కిన ఆయాసముతోనే యాత్రికులు ఆ సన్నిధికి చేరుదురు. ఇంట మంచము పట్టిన వృద్ధులను విడిచి వచ్చినవారును వారిలో నుందురు. వారు అచ్చట ఆ వృద్ధుల పేరుమీద ఒక్క నమస్కారము చేసి కదలవచ్చును.